ఆరువందల తొంభై గ్రాముల దెయ్యం

ఆ ఆసుపత్రిలో పాత భవనాన్నీ కొత్త భవనాన్నీ కలుపుతూ రెండో అంతస్తులో ఒక నడవా ఉంది. పగలు దాన్ని నడవా అంటారు. రాత్రి పది దాటాక ఏమీ అనరు... అటు చూడరు కూడా.

నడవాలో సగం దూరం వెళ్ళాక ఎడమచేతి వైపు ఒక గది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని ఒకప్పుడు అందులోనే ఉంచేవారట. కొత్త భవనం లేచాక పిల్లల్ని అటు మార్చారు. పిల్లల్ని వెచ్చగా ఉంచే గాజుపెట్టెల్లో పాడైనవాటిని ఇక్కడే పడేశారు. అందరూ వెళ్ళిపోయారు — ఒక్కరు తప్ప, అంటారు.

ఈ కథ చెబుతున్నవాడి ధైర్యం గురించి ముందే ఒక మాట. రాత్రి మంచినీళ్ళకి లేస్తే వంటింటి దాకా లైట్లన్నీ వేసుకుంటూ వెళ్ళి, ఒక్కటీ ఆర్పకుండా వచ్చి పడుకుని, పొద్దున్నే ఇంటిల్లిపాది చేత తిట్లు తినే రకం. పిరికితనం అతనికి ఎవరూ నేర్పలేదు, సొంతంగా కష్టపడి నేర్చుకున్నాడు. కాబట్టి ఇందులో ఇంకొకణ్ణి పిరికివాడని అంటే, అది ఆ విద్య తెలిసినవాడు అన్న మాటగా తీసుకోవాలి.

ఆ ఇంకొకడు డ్రైవింగ్ స్కూలు మాస్టారు.

మాస్టారి కారుకి రెండు బ్రేకులు. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, రెండోది పక్క సీట్లో కూర్చున్న మాస్టారి కాలి కింద. పదకొండేళ్ళుగా ఆయన చేస్తున్న పని ఒక్కటే: ఎదుటివాళ్ళు చెమటలు కక్కుతూ బండి నడుపుతుంటే, పక్కన దర్జాగా కూర్చుని "భయపడకూడదమ్మా, రోడ్డు మనల్ని తినేయదు" అనడం, అంటూనే బ్రేకు తొక్కడం. పాదచారి కనబడితే బ్రేకు. పిల్లి కనబడితే బ్రేకు. ఎండలో కరెంటు తీగ నీడ రోడ్డు మీద పడితే, దానికీ బ్రేకు. ఆ కుడికాలు నిద్రలో కూడా మంచం కోడుని తొక్కుతుందని ఆయన భార్యే చెప్పింది.

అలాంటి మనిషికి కూతురు పుట్టింది. పద్నాలుగు వారాలు ముందుగా. ఏడువందల ఇరవై గ్రాములు.

భార్యకి రక్తపోటు పెరిగిపోయి అర్ధరాత్రి ఆపరేషన్ చేయాల్సొచ్చింది. తల్లిని పాత భవనంలో ఉంచారు, లేవకూడదన్నారు. పిల్లని కొత్త భవనంలో పసికందుల ఐసీయూలో పెట్టారు. డాక్టరమ్మ మాస్టారిని కూర్చోబెట్టి మెల్లగా చెప్పింది. "ఈ బరువుతో పుట్టినవాళ్ళలో కొందరు బతుకుతారు. బతికినవాళ్ళలో కొందరు మామూలుగానే పెరుగుతారు. కొందరికి నడకలోనో, చూపులోనో, వినికిడిలోనో, చదువులోనో ఇబ్బంది రావచ్చు. మీ పాప ఎందులో పడుతుందో ఇవాళ నేను చెప్పలేను. అబద్ధం చెప్పమంటే వేరే సంగతి."

మాస్టారు అబద్ధమే చెప్పమందామనుకున్నాడు. నోరు రాలేదు.

చూడటానికి వచ్చిన బాబాయి ఒకాయన గాజు కిటికీలోంచి తొంగి చూసి, బయటికొచ్చి, అందరూ వినేలా అన్నాడు: "అది పిల్లా? ఉడతపిల్ల. ఆశలు పెట్టుకోకు రా." అని కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఆ పెద్దమనిషి చేసిన సాయం అంతే.

తల్లి పాలు మూడు గంటలకోసారి తీసి ఇటునుంచి అటు చేర్చాలి. ఆ పని మాస్టారికి పడింది. చిన్న మూత గిన్నె, అందులో ఒక్కోసారి ఐదు మిల్లీ, ఒక్కోసారి ఎనిమిది. నడవాలోంచి వెళ్తే రెండు నిమిషాల దారి.

మొదటి రాత్రే సెక్యూరిటీ ఆపాడు. పాత భవనం వైపు నడవా తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి. ఉన్ని టోపీ చెవుల దాకా లాగి, గొంతు తగ్గించి...

"పగలైతే వెళ్ళండి సార్. రాత్రి మాత్రం... వద్దు."

"ఏం?"

"ఆ గదిలో ఒక పాప ఉంది."

"పాపా?"

"ఇరవై మూడేళ్ళ కిందట పుట్టింది. ఆరువందల తొంభై గ్రాములు. ఇంతే —" అని అరచెయ్యి చాపాడు. "అప్పటి ఆయమ్మ చూసి, ఇది తెల్లారేదాకా ఉండదని చెప్పి, మొహం మీద గుడ్డ కప్పి, డ్యూటీ దిగి వెళ్ళిపోయిందట. పాపం, అంతే... పోయింది. కానీ గది వదల్లేదు. రాత్రిళ్ళు లోపల నీలం లైటు వెలుగుతుంది. ఏదో బుయ్ మని మూలుగుతుంది. ఆ తర్వాత అడుగులు. టక్... సర్ర్... టక్... సర్ర్... ఒక కాలు ఈడ్చుకుంటూ."

"నువ్వు చూశావా?"

"అయ్యో, నేనా! ఆరేళ్ళ నుంచి ఇక్కడే కాపలా సార్. ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళలేదు," అన్నాడు, అదేదో కాపలాలో గొప్పతనమైనట్టు.

అరచెయ్యంత దెయ్యానికి అంతంత అడుగుల చప్పుడెలా వస్తుందని అతన్ని ఎవరూ అడగలేదు. మాస్టారూ అడగలేదు. దెయ్యం దగ్గరికొచ్చేసరికి మనవాళ్ళు లెక్కలు అడగరు. బతికున్న పిల్ల దగ్గరైతే గ్రాములతో సహా అడుగుతారు.

ఆ రాత్రి నుంచి మాస్టారు చుట్టుదారి పట్టాడు. మెట్లు దిగి, వెనక ఆవరణ దాటి, అంబులెన్సుల పక్కనుంచి కొత్త భవనంలోకి వెళ్ళి, లిఫ్టు కోసం నిలబడి... పన్నెండు నిమిషాలు. అంత కష్టపడి చేరాక ఏం చేసేవాడంటే, ఐసీయూ పక్క కిటికీలోంచి గిన్నె అందించి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసేవాడు.

"లోపలికి రండి మాస్టారూ, పాపని చూడండి," అనేది సిస్టర్.

"చేతులకి గ్రీజు ఉందండీ."

"తొమ్మిది రోజులుగా అదే గ్రీజా? సబ్బు కనిపెట్టారు, తెలుసా?"

మాస్టారు నవ్వేసి జారుకునేవాడు.

నడవాలో దెయ్యం మాట అటుంచి, ఈయన అసలు భయం ఈ ఐసీయూ గదే. పిల్లని ఒక్కసారి చూస్తే తనదైపోతుంది. తనదైపోయాక పోతే... అక్కడ కాలి కింద రెండో బ్రేకు ఉండదు. అందుకని చూడలేదు. తండ్రి కావడానికి ముందే బ్రేకు తొక్కేశాడు.

అది చాలదన్నట్టు, తిరిగొచ్చి భార్యకి కథలు చెప్పేవాడు.

"ఎలా ఉంది?" అనేది ఆమె, పడుకున్నచోటు నుంచే, కళ్ళు ఇంతింత చేసుకుని.

"బ్రహ్మాండంగా ఉంది. నన్ను చూసి కాళ్ళాడించింది."

"ముక్కు?"

"నీదే. అచ్చుగుద్దినట్టు."

ఆమె ఆ ముక్కు పట్టుకుని మూడు గంటలు గడిపేది. పాలు తీయడానికి కూర్చుంటే కుట్లు లాగేవి, పళ్ళ బిగువున నలభై నిమిషాలు కూర్చునేది, ఆ ముక్కుని తలుచుకుంటూ.

తొమ్మిదో రాత్రి వాన.

ఒంటిగంట నుంచి కూర్చుంటే, రెండుకి పావుగంట తక్కువకి ఆరు మిల్లీ వచ్చాయి. సిస్టర్ ముందు రోజే చెప్పింది: "రెండింటికి ఫీడు. మీరు రెండూ పదికి తెస్తున్నారు, రెండున్నరకి తెస్తున్నారు. ఇంత చిన్న కడుపుకి టైము ముఖ్యం. ఇంకోసారి ఆలస్యమైతే ఆ పూట లేనట్టే. ఆ పాలు మీరే తాగి పడుకోండి."

మాస్టారు గిన్నె అందుకోబోయాడు. భార్య వదల్లేదు.

"పాపకి పేరు రాసిన పట్టీ కడతారట కదా."

"ఆఁ."

"ఏ చేతికి కట్టారు?"

"ఎడమ చేతికి. గులాబీ రంగు."

"చేతికి కట్టలేదు," అంది భార్య. గొంతులో కోపం లేదు, అదే భయంగా ఉంది. "చెయ్యి సన్నం, పట్టీ నిలవట్లేదట. కాలికి కట్టారు. సాయంత్రం సిస్టర్ ఫోన్ చేస్తే చెప్పింది."

కుర్చీలో కునుకు తీస్తున్న అత్తగారు కళ్ళు తెరిచింది. అల్లుణ్ణి పై నుంచి కింది దాకా ఒకసారి చూసింది.

"అబ్బో. చూడకుండానే ముక్కులు వర్ణించే విద్య కూడా ఉందన్నమాట అల్లుడుగారికి. మేం డ్రైవింగ్ ఒక్కటే అనుకున్నాం."

"అది కాదత్తయ్యా..."

"మీరు మాట్లాడకండి బాబూ. నిజం చెప్పేస్తారేమోనని భయంగా ఉంది."

భార్య గిన్నె చేతిలో పెట్టింది. పెట్టి, ఆ చేతిని అలాగే పట్టుకుంది.

"నాకు లేచి వెళ్ళే శక్తి లేదు. లేకపోతే నిన్ను అడగను. ఈసారి చూసి రా. ఎలా ఉంటే అలా చెప్పు. బాగాలేకపోతే బాగాలేదని చెప్పు. చూడకుండా మాత్రం ఈ గదిలోకి రాకు."

మాస్టారు బయటపడి మెట్ల వైపు పరుగెత్తాడు. కింద ఆవరణలో మోకాలి లోతు నీళ్ళు. అడ్డంగా తాడు కట్టి, కరెంటు ప్రమాదం అని అట్టముక్క వేలాడదీశారు. గడియారం చూసుకున్నాడు. రెండుకి ఎనిమిది నిమిషాలు.

మళ్ళీ పైకి వచ్చాడు.

సెక్యూరిటీ కుర్చీలోంచి లేచాడు. "సార్... వద్దు సార్. ఇందాకే నీలం లైటు వెలిగింది."

"తలుపు తియ్యి."

"నేను మాత్రం రాను."

"నిన్నెవడు రమ్మన్నాడు," అన్నాడు మాస్టారు. లోపల మాత్రం రమ్మంటే బాగుండునని ఉంది.

తలుపు వెనక మూసుకుంది.

నడవాలో మూడు ట్యూబులైట్లు. ఒకటి చచ్చింది, ఒకటి చావలేక కొట్టుకుంటోంది. పగిలిన కిటికీ రెక్కల్లోంచి జల్లు కొడుతోంది. తడి నేల మీద చెప్పులు కీచుమంటున్నాయి. ఒక చేతిలో గొడుగు, పైజేబులో ఫోను, రెండో చేతిలో పాల గిన్నె. కుడికాలు ప్రతి అడుగుకీ నేలని తొక్కి పెడుతోంది. దాన్ని బతిమాలి లేపుకుంటూ నడిచాడు.

పది అడుగులు.

ఇరవై.

బుయ్ మని ఒక మూలుగు...

ఆగాడు. మూలుగు ఆగలేదు. ఎడమవైపు గది తలుపు వారగా తెరిచి ఉంది. సందులోంచి నీలం వెలుగు నేల మీద గీతలా పడి ఉంది. ఆ గీత దాటితేనే అవతలికి దారి.

కళ్ళు మూసుకుని దాటేద్దామనుకున్నాడు. నూటికి తొంభైతొమ్మిది మంది అదే చేస్తారు, ఈ కథ చెప్పేవాడైతే నడవా దాకా వచ్చేవాడే కాదు. కానీ కళ్ళు మూసుకోవాలని ఎంత అనుకున్నాడో, అంత గట్టిగా తెరుచుకున్నాయి.

లోపల పెట్టెల మీద పెట్టెలు. గాజు పగిలినవి, చక్రాలు ఊడినవి. మధ్యలో ఒక్కటి మాత్రం వెలుగుతోంది. అందులో...

తెల్లటి గుడ్డలో చుట్టి ఉంది. జానెడు. తలకి చిన్న ఉన్ని టోపీ.

కదలడం లేదు.

అప్పుడు వినబడింది, పెట్టెల వెనక నుంచి...

టక్... సర్ర్...

టక్... సర్ర్...

వెలుగుతున్న పెట్టె పక్క రంధ్రంలోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. ఒట్టి చెయ్యి. మనిషి లేడు. ఆ చెయ్యి గుడ్డలో ఉన్నదాన్ని తడిమింది. నొక్కింది. ఒక చివర పట్టుకుని... తలకిందులుగా పైకెత్తింది. టోపీ జారి పడింది.

మాస్టారి పైప్రాణాలు పైనే పోయాయి. గొడుగు పడిపోయింది. ఫోను పడిపోయింది. వెనక్కి గెంతబోయి ఒక చెప్పు ఊడిపోయింది. వీపు గోడకి కొట్టుకుంది.

ఒక్కటి మాత్రం పడలేదు. పాల గిన్నె. అదెప్పుడు చొక్కా లోపలికి వెళ్ళిందో, రెండు చేతులూ దాని మీదికి ఎప్పుడు చేరాయో ఆయనకే తెలియదు. గోడకి అతుక్కుని, పొట్ట మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, వణుకుతూ నిలబడ్డాడు.

"ఎవరండీ అది?" అంది దెయ్యం.

"నేను... నేనేం చూడలేదమ్మా తల్లీ."

"చూడకపోతే ఆ మొహం అలా ఎందుకుంది? మీ తల పక్కనే స్విచ్ ఉంది. వేయండి."

దెయ్యాలు లైటు వేయమంటాయని మాస్టారు ఎప్పుడూ వినలేదు. కానీ చెప్పిన పని చేయడం ఇంట్లో అలవాటే కాబట్టి, వేశాడు.

పెట్టెల వెనక నుంచి ఒకమ్మాయి వచ్చింది. పొట్టిగా ఉంది. నీలం కోటు, జేబులో స్క్రూడ్రైవర్లు. సోడాబుడ్డి కళ్ళద్దాలు. కుడి చెవికి వినికిడి మిషను. ఎడమ కాలికి పట్టీలు బిగించిన బూటు. నడుస్తుంటే కుడికాలు టక్ మంటోంది, ఎడమకాలు సర్రున జారుతోంది. చేతిలో గుడ్డ చుట్టిన సెలైన్ సంచి ఒకటి తలకిందులుగా వేలాడుతోంది. చివర నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"చూడండి, కారిపోతోంది. ఇంకో సంచి పాడు," అంది, అదేదో మాస్టారి తప్పైనట్టు.

"అది... సంచా?"

"మరేమనుకున్నారు? బాగుచేసిన పెట్టెలో సంచి పెట్టి, లైటూ ఫ్యానూ వేసి చూస్తాను. ఆరు గంటలు ఒకే వేడి నిలబెట్టాలి. నిలబెట్టలేని పెట్టెలో పిల్లని పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదుగా. పగలు జనం తిరుగుతారు, ఊరికే తలుపు తీస్తారు, గాలి కొడుతుంది. రాత్రిళ్ళు మీ దెయ్యం పుణ్యమా అని పురుగు కూడా రాదు. హాయిగా ఉంటుంది."

"టోపీ ఎందుకు పెట్టారు మరి?"

"టోపీ లేకపోతే తల నుంచి వేడి పోతుంది. లోపల ఉండేవాళ్ళకి ఎలా పెడతారో సంచికీ అలాగే పెట్టి చూడాలి." కిందపడ్డ గొడుగు వైపు, ఫోను వైపు, ఊడిన చెప్పు వైపు ఒకదాని తర్వాత ఒకటి చూసింది. చివరికి మాస్టారి పొట్ట దగ్గర చూపు ఆగింది. "చొక్కాలో ఏం దాచారు?"

"పాలు."

"ఎన్ని?"

"ఆరు మిల్లీ."

ఆ అమ్మాయి మొహంలో వెటకారం కొంచెం తగ్గింది. అంతా కాదు.

"పాప బరువెంత?"

"ఏడువందల ఇరవై."

ఆమె కళ్ళద్దాలు తీసి, కోటు అంచుకి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"నాకన్నా ముప్పై గ్రాములు ఎక్కువే."

మాస్టారి బుర్రలో లెక్క తేలడానికి కాసేపు పట్టింది. ఏడువందల ఇరవైలోంచి ముప్పై తీస్తే... ఒంటి మీద రోమాలు ఈసారి ఇంకోలా లేచాయి.

"నువ్వు... అంటే... పోలేదా?"

"ఇంతవరకు లేదు."

"మరి ఆయమ్మ గుడ్డ కప్పిందనీ..."

"కప్పింది. రాత్రి డ్యూటీ దిగుతూ కప్పింది. పొద్దున డ్యూటీకొచ్చిన సిస్టర్ తీసింది. నేను ఆ గుడ్డ కింద ఊపిరి పీలుస్తూనే ఉన్నానట. ఆయమ్మకి ఇంకో ఊరు బదిలీ అయింది. పోతూ పోతూ నేను పోయానని అందరికీ చెప్పి పోయింది. ఒక్కరంటే ఒక్కరు వెనక్కొచ్చి చూడలేదు. ఇరవై మూడేళ్ళుగా నేను ఇదే ఆసుపత్రికి చెవికోసం వచ్చాను, కంటికోసం వచ్చాను, కాలికోసం వచ్చాను. ఇప్పుడు జీతానికొస్తున్నాను. ఆ చివర కూర్చున్న మీ వీరుడు మాత్రం రోజూ నా అడుగులు విని తన కుర్చీలో తనే వణుకుతాడు. నేను కొత్త భవనం వైపు నుంచి వస్తాను కదా, ఇటొచ్చి నా మొహం చూసే ఓపిక కూడా లేదు ఆయనకి."

"మరి చెప్పొచ్చుగా, దెయ్యం కాదని?"

"ఎందుకు? నెమ్మదిగా పని చేసుకుంటుంటే పాడుచేసుకోవడమా? అయినా చెబితే నమ్ముతారా? పోయిందని చెబితే నమ్మడానికి ఒక్క మాట చాలింది. ఉందని నమ్మాలంటే లేచి వచ్చి చూడాలి. అది పెద్ద పని." తల పక్కకి వంచి, మిషను ఉన్న చెవిని ఆయన వైపు తిప్పింది. "మీరు చూశారా మీ పాపని?"

మాస్టారు చొక్కాలోని గిన్నెని సర్దుకున్నాడు.

"చూడలేదా? ఎన్ని రోజులైంది?"

"తొమ్మిది."

"అయితే మీరూ ఆ ఆయమ్మ బాపతే. ఆవిడ గుడ్డ కప్పింది. మీరు కళ్ళు కప్పుకున్నారు."

అత్తగారి మాటకి తట్టుకున్నాడు, భార్య మాటకి కూడా కాళ్ళ మీద నిలబడ్డాడు. దీనికి మాత్రం గోడని ఆనుకోవలసి వచ్చింది.

"బతుకుతుందా?" అన్నాడు, చాలా మెల్లగా. తొమ్మిది రోజులుగా డాక్టరమ్మని అడగలేనిది, స్క్రూడ్రైవర్లు పెట్టుకున్న అమ్మాయిని అడిగాడు.

"నన్నడుగుతారేంటి? నేను పెట్టెలు బాగుచేసేదాన్ని." కాసేపు సంచిని అటూ ఇటూ తిప్పింది. "ఆ నెల ఈ గదిలో నాతో కలిపి ఐదుగురుండేవాళ్ళట. ఇద్దరు పోయారు. ఒకడు నిక్షేపంలా ఉన్నాడు, పరుగులు తీస్తాడు, పెళ్ళి కూడా చేసుకున్నాడు వెర్రివాడు. ఇంకొకామె నడవలేదు, మాట్లాడలేదు. వాళ్ళమ్మ పాట ఎత్తుకుంటే మాత్రం వీధి చివరి దాకా వినబడేలా నవ్వుతుంది. నేను ఇదిగో. మూడేళ్ళకి నడిచాను. లెక్కల్లో మూడుసార్లు తప్పాను. ఎవరు ఏమవుతారో ఆ రాత్రే తేల్చి చెప్పిన మేధావులు చాలామంది. అందరూ తప్పే చెప్పారు. అందుకని నేను చెప్పను."

చేతి గడియారం చూసుకుంది.

"రెండుకి మూడు నిమిషాలు. ఆ చెప్పు తొడుక్కోండి. పడితే పాలు పోతాయి. మీరు పడితే ఫర్వాలేదు."

మాస్టారు మిగతా నడవా పరుగెత్తాడు. కుడికాలు ఎక్కడా నేలని తొక్కి పెట్టలేదు.

కిటికీ దగ్గర ఆగలేదు. తలుపు తోసుకుని, బయటి తొట్టి దగ్గర మోచేతుల దాకా సబ్బు పెట్టి కడిగాడు. రెండుసార్లు కడిగాడు.

"ఇదేంటి మాస్టారూ, దారి తప్పారా?" అంది సిస్టర్.

"గ్రీజు పోయిందండీ."

ఆమె మూడో పెట్టె చూపించింది.

చూశాడు.

ముందు గొట్టాలే కనబడ్డాయి. ఆ తర్వాత వాటి మధ్యన ఎక్కడో పిల్ల. ఎర్రటి పల్చటి చర్మం, కింద నరాలు కూడా తెలుస్తున్నాయి. వేళ్ళు అగ్గిపుల్లల్లో సగం. మోకాలి కింద, మాస్టారి చిటికెన వేలంత కాలికి, ఆకుపచ్చ పట్టీ. ముక్కు మీద గాలి గొట్టం. ముక్కు కనబడనే లేదు. తొమ్మిది రోజులుగా ఆయన వర్ణించిన ముక్కు.

సిస్టర్ పాలు సిరంజీలో పోసి, నోట్లోకి వెళ్ళిన సన్నటి గొట్టానికి తగిలించి, పైకెత్తి పట్టుకుంది. తెల్లటి గీత మెల్లగా దిగడం మొదలైంది...

ఆగింది. పాలు కాదు. పిల్ల ఛాతీ.

మిషను మోగింది. మాస్టారి కుడికాలు ఒక్కసారిగా నేలని తొక్కింది. శక్తికొద్దీ తొక్కింది. కింద గచ్చు తప్ప ఏమీ లేదు.

సిస్టర్ సిరంజీ దించి, రెండో చేత్తో పిల్ల అరికాలిని చిటికెన వేలితో ఒకటి తట్టింది. రెండు.

ఛాతీ కదిలింది. మిషను ఊరుకుంది.

"ఊపిరి తీసుకోవడం మధ్యమధ్యలో మరిచిపోతారు వీళ్ళు," అంది సిస్టర్, పప్పులో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా. "గుర్తు చేయాలి. భయమేస్తే బయటికి వెళ్ళండి మాస్టారూ."

"వేస్తోంది," అన్నాడు మాస్టారు. "ఇక్కడే ఉంటాను. ఎలా తట్టాలో చూపించండి."

నాలుగింటికి నడవాలోంచే తిరిగొచ్చాడు, సెక్యూరిటీ టోపీ కళ్ళ మీదికి లాక్కుని నిద్రపోతున్నాడు. భార్య మేలుకునే ఉంది. అత్తగారు కళ్ళు మూసుకుని, చెవులు తెరుచుకుని ఉంది.

"పట్టీ కాలికే. ఆకుపచ్చ," అన్నాడు. "ముక్కు నీదో కాదో నాకు తెలియదు, గొట్టం అడ్డంగా ఉంది. నేను చెప్పిందంతా అబద్ధం. చాలా చిన్నది. నేననుకున్నదానికన్నా చిన్నది. పాలు పట్టేటప్పుడు ఒకసారి ఊపిరి ఆగింది. అరికాలు తడితే మళ్ళీ తీసుకుంది. రెండోసారి ఆగితే నేనే తట్టాను."

భార్య దుప్పటి కిందనుంచి చెయ్యి చాపింది. "ఏ వేలితో?"

చూపించాడు. ఆమె ఆ వేలు పట్టుకుని, మళ్ళీ పాలు తీసే వేళదాకా వదల్లేదు.

"కుడి చెవి మాత్రం మీ అమ్మదే," అన్నాడు మాస్టారు చీకట్లో. "అన్నీ వింటున్నట్టే ఉంటుంది."

"ఇది కూడా అబద్ధమేనా అల్లుడుగారూ?" అంది అత్తగారు, కళ్ళు తెరవకుండానే. కానీ గొంతులో ఎత్తిపొడుపు కాస్త తడిసింది.

ఐదింటి ఫీడుకి మాస్టారు మళ్ళీ గిన్నె పట్టుకుని నడవా తలుపు దగ్గరికి వచ్చాడు. బయట ఇంకా చీకటే. సెక్యూరిటీ ఆయన్ని చూసి కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. ప్రాణాలతో తిరిగొచ్చినవాణ్ణి ఆరేళ్ళలో అతను చూడటం అదే మొదటిసారి. వెళ్ళినవాడే లేడు కదా మరి.

"సార్... కనబడిందా?"

"కనబడింది."

"ఏం చేసింది?"

"తిట్టింది."

సెక్యూరిటీ టోపీని ఇంకాస్త కిందికి లాగాడు. గొంతు గుసగుసలోకి దిగింది. అరచెయ్యి చాపాడు, మొదటి రాత్రి చాపినట్టే.

"ఇంతేనా సార్?"

నడవా అవతల నుంచి, మెల్లగా... టక్... సర్ర్... టక్... సర్ర్...

మాస్టారు ఆ అరచెయ్యి వైపు చూశాడు. తలుపు తోశాడు.

"లేదు," అన్నాడు. "పెరిగింది."